తమ్ముణ్ణి అర్ధరాత్రి వ్యానులో తీసుకెళ్తామంటున్నారు, పంపించాలా వద్దా?

రాయగడ_అక్క
మాది ఒడిశాలో రాయగడ. మా తమ్ముడికి 22. డిప్లొమా అయ్యాక ఏడాది పనికెళ్ళాడు, మానేశాడు. రెండేళ్ళుగా గంజాయి తాగుతున్నాడని ఇంట్లో అందరికీ తెలుసు. అది మానిపిస్తే చాలనుకున్నాం. పోయిన ఆదివారం ఉతకడానికి ప్యాంటు తీస్తే జేబులో మాత్రల అట్టలు, మంచం కింద దగ్గుమందు సీసాలు ఏడెనిమిది. అడిగితే నడుం నొప్పన్నాడు. ఆ వయసుకి అంత నడుం నొప్పేమిటి?

నాన్నకి తెలిసినాయన ఒకరు డీ-అడిక్షన్ సెంటరు వాళ్ళని ఇంటికి తీసుకొచ్చారు. నెలకి 15 వేలు, ఆర్నెల్లు ఉంచాలి. మొదటి మూడు నెలలు ఫోను లేదు, చూడ్డానికి రాకూడదు. "మీరు తలుపు గడియ తీసి ఉంచండి చాలు, రాత్రి రెండింటికి నలుగురం వచ్చి వ్యాను ఎక్కించేస్తాం" అన్నారు. నాన్న ఒప్పుకున్నారు. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు. అమ్మ అన్నం ముట్టడం లేదు. ప్రభుత్వాసుపత్రికి తీసుకెళ్తే పోలీసు కేసవుతుందని నాన్న భయం. శుక్రవారం రాత్రి వస్తామన్నారు, ఇవాళ మంగళవారం. ఇలా పంపించినవాళ్ళు ఎవరైనా ఉంటే చెప్పండి.

వేదిక_నిర్వాహకుడు
ఆ సెంటరు పేరు, ఊరు ఎవరూ ఇక్కడ రాయకండి. అబ్బాయి పేరు కూడా వద్దు.

నిక్కచ్చి
పంపించెయ్యమ్మా. బతిమాలితే వినే వయసు దాటిపోయాడు. నలుగురు వచ్చి పట్టుకెళ్తేనే భయం ఉంటుంది. ఇంట్లో జాలిపడేవాళ్ళ వల్లే ఈ పిల్లలు చెడిపోతున్నారు. మా అన్న విషయంలో మేమలా జాలిపడ్డాం, మనిషే మిగల్లేదు.

గుణుపురం_గుంటడు
వద్దక్కా. పంపకు. పని దిగాక రాస్తాను.

వార్డు_సిస్టర్
రాయగడ అక్కా, ముందు మూడు విషయాలు చెప్పండి. ఆ మాత్రల పేరేమిటి, రోజుకి ఎన్ని వేసుకుంటున్నాడు, మందు కూడా తాగుతాడా? ఎప్పుడైనా ఫిట్స్ వచ్చాయా? సెంటరు మాట తర్వాత. అన్నిటికీ వైద్యం ఒకటే కాదు.

రాయగడ_అక్క
అట్ట మీద ట్రమడాల్ అని ఉంది. ఎన్నో తెలియదు. మందు పెళ్ళిళ్ళలో తాగుతాడు, రోజూ కాదు. ఫిట్స్... రెండు నెలల కిందట బాత్రూములో పడిపోయి నాలుక కరుచుకున్నాడు. ఎండదెబ్బనుకున్నాం.

బరంపురం_మందులషాపు
ఎండదెబ్బ కాకపోవచ్చు. ట్రమడాల్ నల్లమందు తరహా నొప్పిమాత్ర, డోసు పెరిగితే ఫిట్స్ రావచ్చు. డాక్టరుకి ఇది తప్పకుండా చెప్పండి.

నాకు బరంపురంలో 19 ఏళ్ళుగా మెడికల్ షాపు. ట్రమడాల్‌ని 2018లో ఎన్‌డీపీఎస్ (మాదకద్రవ్యాల నియంత్రణ) చట్టం కిందికి తెచ్చారు. ట్రమడాల్ లాంటి హెచ్1 షెడ్యూలు మందులకైతే చీటీ రాసిన డాక్టరు పేరు, తీసుకున్నవాళ్ళ పేరు, ఎన్ని ఇచ్చామో పుస్తకంలో ఎక్కించి మూడేళ్ళు దాచాలి. రాసేవాళ్ళం రాస్తున్నాం. రాయని షాపు ఒక్కటుంటే చాలు, చుట్టుపక్కల పిల్లలంతా అక్కడికే చేరతారు. నా కౌంటరు దగ్గర కూడా "అన్నా, నాన్నకి కీళ్ళ నొప్పులు" అంటూ పదిహేడేళ్ళ వాడు నిలబడతాడు. ఇవ్వనంటే తిట్టి పోతాడు. ఆ తిట్టు భరించడమే నా వాటా పని అనుకుంటాను.

నిక్కచ్చి
మరి మీ పక్క షాపువాడి మీద ఫిర్యాదు చేశారా?

బరంపురం_మందులషాపు
చేశాను. రెండుసార్లు. అదే వీధిలో నేనూ బతకాలి, అయినా చేశాను.

గుణుపురం_గుంటడు
ఇప్పుడు రాస్తన్నాను. తప్పులుంటే క్షమించండి.

నాకు 24. నన్ను కూడా రాత్రే పట్టుకెళ్ళినారు. మా మావయ్య తలుపు తీసినాడు. నిద్రలోంచి లేచేసరికి ఇద్దరు కాళ్ళు, ఇద్దరు చేతులు. దొంగలనుకుని మా అమ్మని పిలిసినాను. అమ్మ వసారాలో నిలబడి ఏడస్తంది గానీ రాలేదు. ఆ కేక ఇప్పుడుకీ నా చెవిలో ఉంది, అమ్మ చెవిలో కూడా ఉందంట.

అక్కడ ఒక గదిలో 30 మందిమి. డాక్టరని ఒకాయన నెలకోపాలి వొచ్చీవాడు. మొదటి నాలుగు రోజులు ఒళ్ళు విరిగీసి, ముక్కు కారి, విరేచనాలు. లేచి పోతానని మంచానికి గొలుసుతో కట్టీసినారు. ఏ మందూ ఇవ్వలేదు, నిమ్మరసం ఇచ్చినారు. అయిదు నెలలుండి వొచ్చినాను. ఇంటికొచ్చిన తొమ్మిదో రోజు మళ్ళీ వేసుకున్నాను, ముందు వేసుకున్నన్నే. ఊపిరాడక పెదాలు నీలమైపోతే మా సెల్లి చూసి 108కి ఫోను చేసింది. అది చూడకపోతే ఇది రాసీవాణ్ణి కాదు.

సెంటరు నాకు మానడం నేర్పలేదక్కా, దాచుకోడం నేర్పింది. తరవాత ఒక పెద్దాసుపత్రిలో మానసిక వైద్యుడి దగ్గర సూపించుకున్నాను. ఇప్పుడుకి 14 నెలలు. మధ్యలో రెండుపాళ్ళు జారినాను.

రాయగడ_అక్క
చదివి అమ్మకి వినిపించాను. నాన్నకి ఇంకా లేదు.

వార్డు_సిస్టర్
గుణుపురం తమ్ముడూ, నువ్వు రాసిన తొమ్మిదో రోజు విషయం ప్రతి ఇంట్లో తెలియాలి. నెలల తరబడి వేసుకోకుండా ఉంటే ఒంటికి ఆ అలవాటు పోతుంది. మనసుకి మాత్రం పాత లెక్కే గుర్తుంటుంది. పాత లెక్కలో వేసుకుంటే ఊపిరి ఆగుతుంది. సెంటరు నుంచి, జైలు నుంచి బయటికొచ్చిన మొదటి వారాలే ఎక్కువ ప్రమాదం.

ఇంట్లో ఇలాంటివాళ్ళున్న అందరికీ చెప్తున్నాను. పిలిస్తే పలక్కపోవడం, కంటిపాప గుండుసూది తలంతవడం, ఊపిరి నెమ్మదించి గురక పెట్టడం, పెదాలు నీలం తిరగడం కనిపిస్తే 108కి చెయ్యండి, మనిషిని పక్కకి తిప్పి పడుకోబెట్టండి. నీళ్ళు, మజ్జిగ, చింతపండు రసం నోట్లో పొయ్యకండి. ఏం వేసుకున్నాడో దాచకుండా చెప్పండి. నాలోక్సోన్ అనే ఇంజెక్షను సమయానికి పడితే మనిషి లేచి కూర్చుంటాడు. మా వార్డులో కళ్ళారా చూశాను.

నిక్కచ్చి
సిస్టర్, ఒక్క మాట. ఈ పిల్లలకి ఆసుపత్రుల్లో నాలుక కింద ఇంకో మత్తుమాత్ర పెడతారట కదా. ఒక మత్తు మానిపించి ఇంకోటి అంటగట్టడం వైద్యమా? మా పన్నుల డబ్బుతో?

వార్డు_సిస్టర్
బుప్రెనార్ఫిన్ గురించి అడుగుతున్నారు. హెరాయిన్, నొప్పిమాత్రల అలవాటు ముదిరినవాళ్ళకి డాక్టరు రాస్తే మా ఎదురుగా నాలుక కింద కరిగిస్తాం. ఒళ్ళు విరవదు, గంటగంటకీ వెతుకులాట ఉండదు, మనిషి పనికెళ్తాడు. సూది పంచుకునేవాళ్ళకి హెచ్ఐవీ సోకకుండా ఉండటానికి జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థే దీన్ని నడిపిస్తోంది. పంజాబులో దీనికోసమే ఓపీ క్లినిక్‌లు పెట్టారు. షుగరున్నవాడు రోజూ మాత్ర వేసుకుంటే మనం తప్పుపట్టం.

ట్రమడాల్‌కి అందరికీ ఇది కావాలని లేదు. కొందరికి డోసు మెల్లగా తగ్గిస్తూ లక్షణాలకి మందులిస్తే సరిపోతుంది. ఈ అబ్బాయికి ఫిట్స్ కూడా వచ్చినట్టుంది కాబట్టి ఇంట్లో వాళ్ళే ఒక్కసారిగా ఆపించకూడదు. డాక్టరు చూడాల్సిందే.

పర్లాకిమిడి_మేస్టారు
గంజాయికి కూడా అలాంటి మాత్ర ఉందా సిస్టరమ్మా?

వార్డు_సిస్టర్
లేదు మేస్టారూ. ఆపిన ఒకటి రెండు రోజుల నుంచి చిరాకు, నిద్రపట్టకపోవడం, ఆకలి చావడం మొదలై మొదటి వారంలో బాగా ఉంటాయి, రెండు మూడు వారాలు పట్టొచ్చు. మాట్లాడటం, రోజు క్రమం మార్చడం, మళ్ళీ మళ్ళీ పిలిచి కూర్చోబెట్టడం, అదే వైద్యం. లేని మాటలు వినపడుతున్నాయని, ఎవరో వెంటపడుతున్నారని అంటుంటే మాత్రం ఆలస్యం చెయ్యకూడదు.

సుంకి_ఘాటు
మా కాలంలో త్రినాథ మేళాలో గంజాయి పెట్టి దండం పెట్టుకునేవాళ్ళం. ముసలాళ్ళు ఒక దమ్ము లాగి భజన చేసీవారు. దాని మీద ఇంత గొడవ లేదు. ఇప్పుడది యాపారమైపోనాది.

పర్లాకిమిడి_మేస్టారు
అది పండుగనాడు, పెద్దల మధ్య, పదిమంది చూస్తుండగా జరిగేది. ఇప్పుడు పదో తరగతి పిల్లవాడు స్కూలు వెనక ఒంటరిగా రోజూ తాగుతున్నాడు. ఎదిగే మెదడు అది. రెండూ ఒకటి చెయ్యకు నాయనా.

నిక్కచ్చి
మేస్టారు మొదటిసారి నాతో ఏకీభవించారు!

పర్లాకిమిడి_మేస్టారు
గంజాయి మీద ఏకీభవించాను, గొలుసు మీద కాదు.

జైపూర్_వకీలు
పోలీసు భయం గురించి చెప్తాను. కోరాపుట్ వైపు ఈ కేసులే ఎక్కువ చూస్తుంటాను.

ఎన్‌డీపీఎస్ చట్టం 1985లో వచ్చింది. వాడకం కూడా నేరమే, సెక్షన్ 27. గంజాయికైతే ఆరు నెలల వరకు జైలు, లేదా పదివేల వరకు జరిమానా, లేదా రెండూ. అదే చట్టంలో 64ఏ అని ఒక సెక్షనుంది. దాన్ని చాలామంది వకీళ్ళు కూడా తిప్పి చూడరు. వాడకం కేసు గానీ చిన్న పరిమాణం కేసు గానీ ఉన్న బాధితుడు తనంతట తాను ప్రభుత్వ లేదా ప్రభుత్వం గుర్తించిన ఆసుపత్రిలో వైద్యానికి వెళ్ళి పూర్తి చేస్తే ఆ నేరానికి శిక్షించే వీలు లేదు. మధ్యలో వదిలేస్తే ఆ రక్షణ పోవచ్చు. మీ తమ్ముడి మీద అసలు కేసే లేదు. వైద్యం వివరాలు గోప్యంగా ఉంచాలని 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం చెప్తోంది. మత్తు అలవాటు వల్ల వచ్చే మానసిక స్థితులు ఆ చట్టం కిందికే వస్తాయి.

ఇక వ్యాను సంగతి. ఆ చట్టం ప్రకారం రోగిని ఏ రూపంలోనూ గొలుసుతో కట్టకూడదు. ఫోను, చూడ్డానికి వచ్చేవాళ్ళు అతని హక్కు. ఇష్టం లేకుండా చేర్చుకోవాలంటే మానసిక వైద్యుడు, ఇంకో నిపుణుడు విడివిడిగా పరీక్షించాలి, అదీ మొదటిసారి 30 రోజులకి మించి కాదు. అర్ధరాత్రి నలుగురు మనుషులకి ఈ అధికారం ఎవరూ ఇవ్వలేదు. నాన్నగారిని ఒక్కటి అడగమనండి: "మీ రిజిస్ట్రేషన్ కాగితం చూపించండి, రోజూ ఉండే డాక్టరు ఎవరు?"

రాయగడ_అక్క
ఇది నాన్నకి చదివి వినిపించాను వకీలు గారూ. రెండుసార్లు చదివించుకున్నారు. ఏమీ అనలేదు. సెంటరు వాళ్ళకి ఫోను చేసి కాగితం అడిగారు, "వచ్చినప్పుడు చూపిస్తాం" అన్నారట.

సుంకి_ఘాటు
వకీలు గారు చిన్న పరిమాణం అంటే ఎంత చెప్పనేలేదు. మా లారీలోల్లకి అదే బాగా తెలుసు. కేజీ లోపు చిన్నది. ఇరవై కేజీలు దాటితే పదేళ్ళకి తక్కువ లేదు, బెయిలు కూడా అంత సులువుగా రాదు.

నాది సాలూరు లారీ, జైపూరు నుంచి సుంకి ఘాటు దిగుతాను. బైకు మీద ముందు ఒకడు పైలట్టుగా ఎల్తాడు, ఎనక సరుకు. దొరికీది ఎనకాలోడే. కొండమీద గుంటడికి, ఫోను కొనిస్తాం, కొంత డబ్బులిస్తాం అని సంచీ భుజానికేస్తారు. అందులో ఎన్ని కేజీలున్నాయో ఆడికి తెల్దు. పట్టుబడితే పదేళ్ళు. పెట్టుబడి పెట్టినోడు ఏ ఊళ్ళో ఉంటాడో ఎవరికీ తెల్దు. శీలావతి రకమని పేరుపెట్టి, మొక్కకి ఎరువులేయించి, పంటకి ముందే అప్పిచ్చి కట్టిపడేస్తారు. మన పిల్లలు ఇక్కడ పాడైపోతే ఆ పిల్లలు జైల్లో పాడైపోతన్నారు. ఆళ్ళకోసం ఈ వేదికలో ఎవరడుగుతారు?

జైపూర్_వకీలు
సుంకి గారు చెప్పింది నిజం. ఇరవై కేజీలు దాటిన కేసులో సెక్షన్ 37 అడ్డొస్తుంది. నిర్దోషి అనడానికి సహేతుకమైన ఆధారం ఉందని కోర్టుకి నమ్మకం కలిగితేనే బెయిలు. నా దగ్గరికి వచ్చే తల్లుల్లో ఒడియాగానీ తెలుగుగానీ సరిగా రానివాళ్ళు ఎందరో. కువి భాష మాట్లాడే ఆవిడకి బెయిలు అంటే ఏమిటో చెప్పడానికే గంట పట్టింది.

నిక్కచ్చి
అందుకని మోసినవాణ్ణి వదిలేద్దామా? వాడు మోయకపోతే ఈవిడ తమ్ముడిదాకా వచ్చేదా?

సుంకి_ఘాటు
వదిలెయ్యమనలేదు. పెట్టుబడోణ్ణి పట్టమంటన్నాను. మోసినోడికి పదేళ్ళు వేస్తే ఆడి సంచీ ఇంకోడు మోస్తాడు.

మునిగుడ_ఆశా
మా ఊళ్ళలో గంజాయి పంట నరికేశాక ఆ ఇంటికి ఏ పథకమూ వెంటనే రాదు. బదులుగా కాఫీ వెయ్యమంటారు, కోరాపుట్ కొండల్లో బాగానే పండుతోంది. కానీ మొక్క పెట్టిన మూడో నాలుగో ఏడాదికి కదా గింజ! ఆ మూడేళ్ళు తిండెవరు పెడతారు? 2021లో ఆంధ్రా వైపు ఆపరేషన్ పరివర్తన అని పెద్ద ఎత్తున తోటలు నరికారు. నరకడం ఒక సీజన్ పని, తర్వాత పని చాలా ఏళ్ళది.

ప్రాణహిత_ఒడ్డు
మాది సిరొంచ, మహారాష్ట్రల గడ్చిరోలి జిల్లా. మీ ముచ్చట సదువుతుంటే మా దారు, అంటే తాగే మందు ముచ్చట యాదికొచ్చింది. మా జిల్లాల 1993 నుంచి దారు బందు. పక్క చంద్రపూర్ల 2015ల బందు పెట్టి 2021ల ఎత్తేసిండ్రు. బందున్నా మా ఊళ్ళె దొరకదా అంటే దొరుకుతది, నది దాటితే తెలంగాణ. మునుపు పడవల మీద వచ్చేటిది, ఇప్పుడు వంతెన మీదికెల్లి వస్తది. గుడుంబ, ఇప్పసార సంగతి చెప్పనే అక్కెరలేదు.

అయినా నేను బందు ఎత్తెయ్యొద్దనేటోణ్ణి. ఎందుకంటే దుకాణం బోర్డు కండ్ల ముందట లేకపోతే కొత్త పోరగాండ్లు అలువాటు పడుడు తగ్గుతది. కానీ ఉత్త బందుతోని కాదు. డాక్టర్ అభయ్ బంగ్, రాణి బంగ్ వాళ్ళ సర్చ్ సంస్థోళ్ళు 2016 నుంచి ముక్తిపథ్ అని నడిపిస్తున్నరు. ఊరోళ్ళు కూసోని తీర్మానం చేసుడు ఒక దిక్కు, అలువాటైనోనికి ఊళ్ళెనే శిబిరం పెట్టి వైద్యం ఇంకో దిక్కు. దారుతో పాటు ఖర్రా కూడ. మా బాపు ఖర్రా మానిండు, నా పెండ్లికి కూడ నవిలినోడు!

పర్లాకిమిడి_మేస్టారు
ఖర్రా అంటే?

ప్రాణహిత_ఒడ్డు
వక్క, పొగాకు, సున్నం కలిపి ప్లాస్టిక్ కవర్ల రాకుతరు సారూ. నోటి క్యాన్సర్ మూట.

పర్లాకిమిడి_మేస్టారు
సిరొంచ తమ్ముడు చెప్పినదానికి నేనొకటి కలుపుతాను. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంటలో రాత్రిబడికి వచ్చే ఆడవాళ్ళు సారా దుకాణం మూయించారు. ఆ ఉద్యమం నడిపిన రోశమ్మ గారి పేరు అప్పట్లో మా పర్లాకిమిడిలో కూడా ఇంటింటా వినపడేది. 1995 జనవరిలో రాష్ట్రమంతా మద్యనిషేధం వచ్చింది, 1997లో సడలిపోయింది. నేనప్పుడు పూర్తిగా నిషేధం పక్షం. సరిహద్దులో ఉన్నాం కాబట్టి చూశాను, ఆంధ్రాలో దుకాణం మూస్తే మా వైపు దుకాణాల ముందు సైకిళ్ళ వరస పెరిగింది. ఆ ఉద్యమం గొప్పది, ఇప్పటికీ నమస్కరిస్తాను. కానీ అప్పటికే బానిసలైన మగవాళ్ళకి వైద్యం ఏది అని మాలో ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు.

సుంకి_ఘాటు
మేస్టారూ ఇంత బాగా రాస్తారు, కొంచెం మా భాషలో రాయొచ్చు కదా.

పర్లాకిమిడి_మేస్టారు
గిడుగు రామమూర్తి పంతులు గారు పాఠాలు చెప్పిన ఊరు నాయనా మాది. వాడుక భాషే రాస్తున్నాను, గ్రాంథికం రాస్తే మా వీధిలోకి రానివ్వరు.

వార్డు_సిస్టర్
2019లో కేంద్ర సామాజిక న్యాయ శాఖ ఎయిమ్స్ చేత చేయించిన సర్వే బయటికొచ్చింది. అందులో ఒక లెక్క నన్ను నిద్రపోనివ్వలేదు. మద్యానికి బానిసలైన ప్రతి 38 మందిలో ఒక్కరికే ఏదో ఒక వైద్యం అందింది. మేస్టారు అడగలేదని బాధపడిన ప్రశ్న ఇప్పటికీ అలాగే ఉంది.

నిక్కచ్చి గారూ, మీ అన్నయ్య సంగతి మొదట్లో అన్నారు. అభ్యంతరం లేకపోతే చెప్తారా?

నిక్కచ్చి
చెప్పడానికేముంది. సారా. పొద్దున్న లేవగానే మొదలు. వయసు 41 ఏళ్ళు. మేం పదేళ్ళు బతిమాలాం. ఆఖరికి మా నాన్న కోపం పట్టలేక గదిలో పెట్టి తాళం వేశారు. మానేలా ఉన్నాడే అనుకున్నాం. తర్వాత ఒళ్ళంతా చీమలు పాకుతున్నాయని దులుపుకునేవాడు, గోడ మీద ఎవరో ఉన్నారనేవాడు, ఫిట్స్. ఏదో సోకిందని భూతవైద్యుణ్ణి పిలిచాం. తెల్లారేసరికి పోయాడు. బతిమాలడం మొదలుపెట్టినప్పుడే అలా బంధించి ఉంటే దక్కేవాడని నా నమ్మకం. అందుకే అంత గట్టిగా రాశాను.

వార్డు_సిస్టర్
తాళం వేసిన ఎన్నో రోజు అది?

నిక్కచ్చి
మూడో రోజు.

వార్డు_సిస్టర్
అన్నా, రోజంతా తాగే మనిషి ఒక్కసారిగా ఆపితే మొదటి రెండు రోజుల్లో ఫిట్స్ రావచ్చు. రెండో, మూడో రోజు దాటేసరికి చీమలు కనపడటం, మనుషులు కనపడటం, ఒళ్ళు కాలిపోవడం, వణుకు. దీన్ని డెలీరియం అంటాం. ప్రాణాంతకం, కానీ ఆసుపత్రిలో ఉంటే చాలామందిని కాపాడుకుంటాం. డయాజిపామ్ లాంటి మందులు, థయామిన్ అనే బి1 విటమిను, సెలైను. మీ నాన్నగారు ప్రేమతోనే తాళం వేశారు. ఆరోజు మీకు ఇది చెప్పేవాళ్ళు లేరు.

నిక్కచ్చి
17 ఏళ్ళయింది సిస్టర్.

రేపు మాట్లాడతాను.

గుణుపురం_గుంటడు
నిక్కచ్చి బాబాయ్, మీరేటీ అనుకోకండి. మా మావయ్య కూడా నా మంచికే తలుపు తీసినాడు.

బరంపురం_మందులషాపు
రాయగడ అక్కా, రేపే శుక్రవారం. ఏమనుకున్నారు?

రాయగడ_అక్క
నిన్న రాత్రి కొట్టు మూశాక తమ్ముడి పక్కన కూర్చున్నాను. సిస్టర్ గారు అడిగిన ప్రశ్నలే అడిగాను, తిట్టకుండా. "ఎందుకు" అని మాత్రం అడగలేదు, అది అడిగితే గోడవైపు తిరిగిపోతాడు. "రోజుకి ఎన్ని" అన్నాను. చాలాసేపు తర్వాత "పది" అన్నాడు. "మానేద్దామని మూడుసార్లు చూశానక్కా, రెండో రోజుకి చచ్చిపోతాననిపిస్తుంది" అన్నాడు. వాడు మూడుసార్లు ప్రయత్నించాడని ఈ ఇంట్లో ఎవరికీ తెలియదు. గుణుపురం తమ్ముడు రాసింది ఫోనులో చూపించాను. అంతా చదివి "ఈయన ఎక్కడుంటాడు" అన్నాడు.

వ్యాను వస్తోందని కూడా చెప్పేశాను. తప్పేమో తెలియదు. పారిపోతాడనుకున్నాను, పారిపోలేదు.

జైపూర్_వకీలు
తప్పు కాదమ్మా.

మునిగుడ_ఆశా
మీ జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్య విభాగం ఓపీ ఏ రోజుల్లో ఉందో ముందు ఫోనులో కనుక్కోండి. అక్కడ కుదరకపోతే కోరాపుట్ మెడికల్ కాలేజీ ఉంది, రైలుంది. వెళ్ళేలోగా మాట్లాడాలంటే టెలిమానస్ 14416, తెలుగులోనూ ఒడియాలోనూ మాట్లాడతారు. మత్తు అలవాటుకి ప్రత్యేకంగా 14446 ఉంది. రెండూ ఉచితం.

వార్డు_సిస్టర్
విశాఖ పెదవాల్తేరు ప్రభుత్వ మానసిక వైద్యశాల కూడా రాయగడ నుంచి ఒక్క రైలు దూరమే. కౌన్సెలింగ్ సొంత భాషలో జరిగితే మనిషి త్వరగా విప్పుకుంటాడు, నేను చాలామందిలో చూశాను. వాడికి ఏ భాషలో ఏడుపొస్తుందో ఆ భాషలో మాట్లాడేవాళ్ళ దగ్గరికి తీసుకెళ్ళండి. మాత్రల అట్టలు, సీసాలు పారెయ్యకండి, వెంట పట్టుకెళ్ళండి.

నిక్కచ్చి
రాయగడ అమ్మాయీ, నేను మొదట రాసింది పట్టించుకోకు. వ్యానువాళ్ళకి నాన్న చెప్పలేకపోతే నా నంబరు నిర్వాహకుడి దగ్గర తీసుకో, నేను చెప్తాను. అమ్మేవాళ్ళ విషయంలో మాత్రం నా మాట మారదు.

సుంకి_ఘాటు
నిక్కచ్చి గారు ఫోను చేస్తే వ్యాను టైర్లు ఆళ్ళే గాలి తీసుకుంటారు.

రాయగడ_అక్క
వ్యాను రాలేదు. నాన్నే ఫోను చేసి వద్దన్నారు. ఇన్నాళ్ళలో ఆయన గొంతు అంత గట్టిగా వినలేదు.

సోమవారం వెళ్ళాం. డాక్టరు వాణ్ణి ఒక్కణ్ణే కూర్చోబెట్టి నలభై నిమిషాలు మాట్లాడారు. పోలీసు మాటే రాలేదు. ఫిట్స్ గురించి చెప్తే తల పరీక్షకి రాశారు. మాత్రలు ఒక్కసారి ఆపలేదు, తగ్గించుకుంటూ రావడానికి కాగితం మీద రాసిచ్చారు. మందులు నా దగ్గరుంటాయి, పూటకి ఎన్నో నేనిస్తాను. గంజాయి గురించి ఇప్పుడే బలవంతపెట్టలేదు, ముందు ఊపిరి ఆగే ప్రమాదమున్నదాన్ని తీద్దాం అన్నారు. నాన్నకి అది నచ్చలేదు. నాకు సరైనదే అనిపించింది.

ప్రాణహిత_ఒడ్డు
మంచిగైంది అక్కా. గంజాయి సంగతి డాక్టర్కే వదిలెయ్యుండ్రి, ఒక్కొక్కటే తీస్తరు.

పర్లాకిమిడి_మేస్టారు
తండ్రిగారికి కూడా ఎవరైనా తోడు కావాలమ్మా. ఆయనకి మాట్లాడాలనిపిస్తే నాకు పొద్దస్తమానం తీరికే.

రాయగడ_అక్క
మూడు వారాల తర్వాత రాస్తున్నాను. నిన్న జారాడు. స్నేహితుడి పెళ్ళికెళ్ళి రెండు మాత్రలు వేసుకొచ్చాడు. అమ్మ మళ్ళీ ఏడుపు. నాకూ కాళ్ళు ఆడలేదు.

గుణుపురం_గుంటడు
మీకెలాగ తెలిసింది? జేబులో దొరికినాయా?

రాయగడ_అక్క
లేదు. వాడే వచ్చి చెప్పాడు.

గుణుపురం_గుంటడు
అయితే ఏటీ పాడైపోలేదక్కా. నాను దాచినాను, ఆడు చెప్పినాడు. పాత లెక్క వేసుకోలేదు, రెండే వేసుకున్నాడు, అదీ చూడండి. నా నంబరు నిర్వాహకుడి దగ్గరుంది, ఆడికివ్వండి. ఆదివారం నాకు సెలవు, రాయగడ రమ్మంటే వొస్తాను.

వార్డు_సిస్టర్
వచ్చే ఓపీలో ఇది డాక్టరుకి చెప్పండి. తిడతారేమోనని మానెయ్యకండి.

రాయగడ_అక్క
గురువారం ఓపీ. ఐదింటికి లేపమని వాడే అన్నాడు. నంబరు ఇచ్చాను.